పక్క గది దగ్గు

జబ్బుపడ్డ ఖైదీని ఉరితీయకూడదని ఆ జైల్లో నియమం. అందుకే ఉరిఖైదీ కుర్రాడికి దగ్గు పట్టుకున్నాక రాత్రి కాపలా వార్డరు ప్రాణం కుదుటపడింది. అది తగ్గకుండా రోజూ ఐసునీళ్లు తెచ్చి తాగించేవాడు. దగ్గు వినబడినప్పుడల్లా పుస్తకంలో రాసేవాడు. డాక్టరు ఎక్కడ అంటుకుంటుందోనని వరండా చివరే నిలబడి, చెవి రిక్కించి విని, తల ఆడించి వెళ్లిపోయేవాడు.

ఆ రాత్రి దగ్గు మరీ భీకరంగా ఉంది. వార్డరు ఊచల దగ్గరికి వచ్చాడు.

"ఒరేయ్ అబ్బాయ్, ఇప్పుడే అంత దగ్గేస్తే ఎలా? పొద్దున డాక్టరుగారికి కాస్త మిగుల్చు."

ఖైదీ దుప్పట్లోంచి గుడ్లు మిటకరించాడు. "నాకు తగ్గి నాలుగు రోజులైంది బాబాయ్. నాకోసం నువ్వే దగ్గుతున్నావనుకున్నా."

ఖళ్లు ఖళ్లుమంటూ దగ్గు మళ్లీ వచ్చింది. పక్క గదిలోంచి.

ఆ గది ఖాళీ. అందులో ఉన్నాయన్ని కిందటి నెలే ఉరితీశారు. పాపం, ఆయనకు చివరిదాకా ఒక్క తుమ్మైనా రాలేదు. నిక్షేపంలా ఉన్నాడని డాక్టరు సంతకం పెట్టేశాడు.

వార్డరు చెమట తుడుచుకుని, పుస్తకంలో "దగ్గు తగ్గలేదు" అని రాశాడు. ఫ్లాస్కులోని వేడినీళ్లు గ్లాసులో పోసి, ఖాళీ గది ఊచల కిందనుంచి లోపలికి జరిపాడు.

"అన్నా, డాక్టరు ఆరింటికి వస్తాడు," అన్నాడు గుసగుసగా. "అప్పుడు మాత్రం కాస్త గట్టిగా..."

చీకట్లో ఎవరో గొంతు సవరించుకున్నారు.