కళ్ళు మూసుకుని

“అందరు కండ్లు మూసుకోండ్రి. ఆగ్నెస్‌ను బడిల నుంచి తీసెయ్యాలన్నోళ్ళు చేతులెత్తుండ్రి” అంది అధ్యక్షురాలు.

నాంపల్లి చర్చి స్త్రీల సమాజంలో ఏ తీర్పయినా ఇలాగే ప్రార్థనలో తేలుస్తారు. చేతులు చూసేది అధ్యక్షురాలు ఒక్కతే. ఎవరు ఎటో తెలియదు కనుక తరువాత మనస్పర్ధలు రావట. ఎంత చక్కని ఏర్పాటో!

సమాజం బడిలో పంతులమ్మ ఆగ్నెస్ చేసిన నేరం, అబిడ్స్‌లో టాకీ చూసి వస్తూ కనబడడం. ఉద్యోగం పోతే బడి వెనక ఆమె ఉంటున్న గదీ పోతుంది.

ఆగ్నెస్ పక్కనే కూర్చున్న సుగుణమణి, చెయ్యి ఎత్తకూడదని ఇంటి దగ్గరే గట్టిగా అనుకుని వచ్చింది.

కాసేపు చప్పుడు లేదు. అంతలో చెవి పక్కనే గంజి చీర గరగరమంది.

ఎవరో ఎత్తేశారు. ఇక అందరూ ఎత్తుతారు, నేనొక్కదాన్నే మిగిలిపోతాను అనుకుంది సుగుణమణి. చెయ్యి దానంతటదే లేచింది. వెనువెంటనే వెనక బెంచీల మీద చీరలన్నీ గరగరలాడాయి.

“అందరు ఒప్పుకున్నరు. ఆమెన్.”

మెట్ల దగ్గర సుగుణమణి ఆగ్నెస్ చెయ్యి పట్టుకుంది. “ముందుగాల ఎత్తింది నేను కాదు, ఆగ్నెస్. మన పక్కన చీర చప్పుడైనంకనే ఎత్తిన. ఎవరామె?”

“మన బెంచీ మీద మనిద్దరమే ఉంటిమి గదక్కా” అంది ఆగ్నెస్. “గా చప్పుడు నాదే. కొంగుతోని కండ్లు తుడుసుకున్న.”