మెత్తటి సరుకు

“మొన్నటి సీసా ఎలా ఉందన్నారమ్మా, బావగారు?”

దేవకుమారి గాజులు మణికట్టు మీదికి జరుపుకుంది. రామచంద్రపురం బజారులో బ్రాందీ షాపు అప్పాజీది. ఆడవాళ్లు షాపు ముందుకి రాలేరు కనక, వెనకనున్న అతని ఇంటి వసారాలో నిలబడి ఉంది.

“ఘాటు ఎక్కువైందిటండి, అన్నయ్యగారూ. ఇంకాస్త మెత్తటిది ఉంటే...”

“కోట బొమ్మది ఘాటే. అంతకుముందు నెమలి బొమ్మది ఇచ్చాను కదా?”

“అది ఆలస్యంగా ఎక్కుతుందండి. ఎక్కితే మాత్రం ఓ పట్టాన దిగదు.”

అప్పాజీ పకపకా నవ్వాడు. “మీరే తాగి చూసినట్టు చెబుతున్నారే!”

ఆమె తాగలేదు. అయినా ఏది ఎలాంటిదో ఆమెకి తెలుసు. నెమలి బొమ్మది చెవి వెనక, నాలుగు రోజులపాటు హోరు. కోట బొమ్మది గాజుల కింద, ఇంకా నల్లగానే ఉంది.

“విస్కీ మనిషిని చూసి ఇవ్వాలమ్మా. ఒకరికి గొంతులో మంట ఉండాలి. ఒకరికి పొగ వాసన పడాలి. ఇంకొకరికి చివర్లో తియ్యగా తగలాలి. బావగారా, మహా నెమ్మదస్తులు. బస్తాలు మోసేవాణ్ణి కూడా ‘అండి’ అనే పిలుస్తారు. అలాంటి మనిషికి ఇదిగో, ఇదీ.” పొడుగు మెడ సీసా ఒకటి కాగితంలో చుట్టి ఇచ్చాడు. “ఇది తాగి గొంతు పెంచిన మనిషిని నేను చూళ్లేదు.”

ఆమె భర్త జోగేశ్వరరావుది ఎరువుల కొట్టు. వారానికి ఒక్క శనివారమే తాగుతాడు. మిగిలిన ఆరు రోజులూ ఇంట్లో పెద్ద మాట వినపడదు. ఆదివారం పొద్దున్న అతనే కాపడం పెడతాడు. “నేను కాదు కుమారీ. ఆ మందు చేసిన పని. నాకు పడేదేదో చూసి తేవడం నీ చేతుల్లో ఉంది,” అంటాడు.

మూడేళ్లుగా ఆమె ఆ మాట నమ్మింది. నమ్మడంలో ఒక సుఖం ఉంది. సీసానైతే మార్చుకోవచ్చు.

మూత తీసి, సోడాతో పాటు ట్రేలో పెట్టడం ఆమె పని. ఆ మధ్యాహ్నం వంటింట్లో మూత తిప్పగానే వాసన గుప్పుమంది. దానంతటదే చెవిలో హోరు మొదలైంది. ఏం చేస్తున్నదీ తెలిసేలోగా సీసా తూములోకి ఒంపేసింది. అడుగున రెండు చెంచాలంత మిగిలింది.

ఇవాళ శనివారం. సాయంత్రానికి సీసా నిండుగా కనబడాలి. టీ డికాక్షన్ కాచి, గుడ్డలో రెండుసార్లు వడకట్టి, చల్లార్చి పోసింది. కిటికీ దగ్గర ఎత్తి చూసింది. రంగు కలిసింది. మిగిలిన ఆ రెండు చెంచాలూ వాసన ఇస్తే చాలు.

రేడియోలో వార్తలు వస్తుండగా అతను స్నానం చేసి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

“ఈసారి ఏం తెచ్చావు?”

“మెత్తటిదన్నారండి.”

గ్లాసులో పోసుకుని దీపానికి ఎదురుగా పట్టుకున్నాడు. ఆమె గుమ్మం పట్టుకుంది. ఒళ్లు తెలియక కొడితేనే ఇంత. తెలివిలో ఉండి కొడితే?

ఒక గుక్క తాగాడు. మింగలేదు. నోట్లోనే ఉంచుకుని ఆమె వైపు చూశాడు. వార్తలు చదివే గొంతు ఎక్కడో దూరంగా వినబడుతోంది.

మింగాడు.

“బావుంది. అప్పాజీకి రుచి తెలుసు,” అన్నాడు.

ఆమె గుమ్మం వదిలింది.

రెండో గ్లాసుకి అతని మాట బరువెక్కింది. మూడో గ్లాసుకి నాలుక మడతపడింది.

“అప్పాజీతో ఏంటి అంతసేపు?”

“సీసా గురించేనండి.”

“ఇకిలించాడా?”

“లేదండి.”

లేచాడు. తూలి, బల్ల పట్టుకుని నిలదొక్కుకున్నాడు. ఆమె ఆశ్చర్యంగా చూస్తూ ఉండిపోయింది. టీ నీళ్లకే! అలవాటు అంత లోపలికి పాకిపోయిందన్నమాట. శనివారం, కుర్చీ, గ్లాసు ఉంటే చాలు, ఒళ్లు తనంతట తనే తూలుతోంది. పాపం, ఇతనికీ తెలియదు. ఒక్క క్షణం జాలేసింది. ఆ జాలిలో వెనక్కి జరగడం మరిచిపోయింది.

చెయ్యి చెంప మీద పడింది. తర్వాత వీపు మీద. తర్వాత ఆమె లెక్కపెట్టలేదు.

పొద్దున్న మంచం పక్కన కూర్చుని అతను ఉప్పు మూటతో కాపడం పెడుతున్నాడు.

“నొప్పిగా ఉందా?”

“లేదండి.”

“నేను కాదు కుమారీ. నీకు తెలుసుగా? మందు.”

“తెలుసండి.”

గొంతు దాకా వచ్చింది నిజం. చెప్పేస్తే అతనికి దాక్కునే చోటు ఉండదు. కానీ ఇప్పుడే కాదు. పెళ్లయ్యాక మొదటిసారి, అతనికి తెలియనిదొకటి తన దగ్గర ఉంది. దాన్ని తలుచుకుంటే వీపు మీద మంట కూడా కొంచెం తగ్గినట్టుంది. వచ్చే శనివారమూ ఇలాగే పోస్తుంది. ఆపై వారమూ. ఏదో ఒక ఆదివారం, కాపడం పెట్టేటప్పుడు, నెమ్మదిగా చెబుతుంది. అతని మొహం అప్పుడు చూడాలి.

అతను చొక్కా తొడుక్కున్నాడు. కొబ్బరి దింపు చూడటానికి తోటకి వెళ్లాలి. గొడుగు తీసుకుని గుమ్మం దాకా నడిచి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి వచ్చాడు. ఆమె భుజం మీద జారిన దుప్పటి సర్దాడు.

“ఈసారి టీపొడి మార్చు,” అన్నాడు మెత్తగా.