తోక ఉన్న స్కోన్లు

"క్షమించాలమ్మాయీ, మీ స్కోన్‌కి ఏమైనా ఆస్తిపాస్తులున్నాయా?"

టీ తాగేసి, చిన్న తీపి రొట్టెలాంటి స్కోన్ తినేసి, గుమ్మం దాకా వెళ్లిన మిసెస్ థ్రెల్‌కెల్డ్ తలుపు పిడి మీద చెయ్యేసి మరీ అడిగింది. కౌంటర్ వెనక ట్యామ్సిన్ తెల్లబోయింది.

"స్కోన్‌కి ఆస్తేమిటండీ?"

"నేనూ అదే అడుగుతున్నాను. ఆస్తి లేనప్పుడు మీ బోర్డు మీద స్కోన్స్ అన్న మాటలో ఎస్‌కి ముందు ఆ అపాస్ట్రఫీ ఎందుకు వేలాడుతోంది, తోకలాగా? అది సొంతదారుకు పెట్టే గుర్తు. ఒకటికి మించి ఉన్నాయని చాటింపు వెయ్యడానికి కాదు. ఈ ఊరి విరామచిహ్నాల పరిరక్షణ సంఘం అధ్యక్షురాలిగా చెబుతున్నాను, శనివారం లోగా అది దిగాలి. మీరు దింపకపోతే మేమే దింపుతాం." గొడుగు తెరుస్తూ ఒక్క క్షణం ఆగింది. "స్కోన్ మాత్రం దివ్యంగా ఉంది."

ఆవిడ గొడుగు వీధి మలుపు తిరగ్గానే ట్యామ్సిన్ వంటగదిలోకి పరిగెత్తింది.

"ఈవన్! నేనిక ఈ ఊళ్లో తలెత్తుకు తిరగలేను. నిన్న పోస్టాఫీసావిడ చెప్పింది. పొద్దున చర్చి ఫాదర్‌గారు చెప్పారు, పాపం ఆయన నాకంటే ఎక్కువ సిగ్గుపడిపోయారు. ఆ రంగు డబ్బా ఇలా తే."

"రంగు ఎండిపోయింది," అన్నాడు ఈవన్, పిండి పిసుకుతూ.

"కిందటి వారం నిచ్చెన విరిగిందన్నావు!"

"నిచ్చెన కూడా విరిగింది." పిండి వేలితో ఆమె ముక్కు మీద ఒక చుక్క పెట్టాడు. "ఇదిగో, ఫుల్‌స్టాప్. ఇక ఆపు."

ట్యామ్సిన్‌కి నవ్వొచ్చింది. పెళ్లై ఏడాదైనా తిరక్క, పెళ్లి కేకు పై అంతస్తు ఇంకా డబ్బాలో భద్రంగా ఉన్న జంటకి కోపం ఎంతసేపు నిలుస్తుంది? భయం మాత్రం నిలిచింది. ఈ నెల కూడా కుర్చీలు నిండకపోతే కొట్టు తాళాలు తెచ్చిచ్చెయ్యమని ఇంటి యజమాని ఖచ్చితంగా చెప్పేశాడు. ఇంత చదువుకున్న ఊళ్లో, తప్పుల బోర్డు కింద టీ కొట్టు ఎలా నడుస్తుంది?

శనివారం సంఘం రానే వచ్చింది. ఒకాయన నిచ్చెన తెచ్చాడు, ఒకాయన రంగు తెచ్చాడు, మిగతావాళ్లు అభిప్రాయాలు తెచ్చారు. తాజా అన్న మాటకీ వేడి అన్న మాటకీ మధ్య కామా ఉండాలా వద్దా అని, సన్నటి వానలో నిలబడి, ఒకరికొకరు క్షమాపణలు చెప్పుకుంటూ భయంకరంగా పోట్లాడుకున్నారు. చివరికి కామాని వచ్చే సమావేశానికి వాయిదా వేసి, అపాస్ట్రఫీని తుడిచేశారు. చేతి తొడుగులతో కొట్టిన చప్పట్లు పిల్లులు నడిచినట్టు మెత్తగా వినిపించాయి. అందరూ తృప్తిగా ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు.

"హమ్మయ్య, పరువు దక్కింది," అంది ట్యామ్సిన్.

ఈవన్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "కొట్టు పోయింది," అన్నాడు.

"అదేమిటి?"

"ఆ తోకని నేను కావాలనే పెట్టాను ట్యామీ."

"కావాలనా! ఓరి నీ దుంపతెగ! ఎందుకు?"

"మనవాళ్ల సంగతి నీకు తెలీదా? ఊరికే తలుపు తోసుకొచ్చి 'నీ బోర్డు తప్పు' అనగలరా? చచ్చినా అనలేరు. మర్యాద కోసం ముందు ఏదో ఒకటి కొనాలి. కూర్చోవాలి. వాన గురించి మాట్లాడాలి. గుమ్మం దాకా వెళ్లాకగానీ నోరు పెగలదు. ఇన్నాళ్లూ మన బేరం అంతా ఆ తోకదే."

ట్యామ్సిన్ అతన్ని తిట్టాలనుకుంది. తిట్టేలోపే అతను చెప్పింది నిజమేనని తోచింది. ఫాదర్‌గారు ఆ ముక్క చెప్పడానికి ఎన్ని కప్పుల టీ తాగారని!

సోమవారం ఎవరూ రాలేదు. మంగళవారం ఒక కుక్క వచ్చింది, దాని వెనకే క్షమాపణలు చెబుతూ యజమాని వచ్చి లాక్కుపోయాడు. పళ్లెంలో స్కోన్లు గట్టిపడ్డాయి. ఈవన్ తాళాలగుత్తి తీసి కౌంటర్ మీద పెట్టాడు. ట్యామ్సిన్ అతని చేతి మీద చెయ్యేసింది.

అంతలో కిటికీ అవతల గొడుగులు కనబడ్డాయి. సంఘం సంఘమంతా వానలో నిలబడి ఉంది. పైన బోర్డు చదివారు. కిటికీకి అంటించిన ధరల కాగితం చదివారు. పెదవులు కదుపుతూ మళ్లీ మొదటి నుంచి చదివారు. ఒకాయన కళ్లద్దాలు తుడుచుకుని తలుపు మీది 'తెరిచి ఉంది' కూడా చదివాడు. తరవాత అందరూ దిగాలుగా ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"ఇంకా ఏం మిగిలిందని వచ్చారు వీళ్లు?" అన్నాడు ఈవన్.

తలుపు తెరుచుకుంది. మిసెస్ థ్రెల్‌కెల్డ్ ఒక్కతే లోపలికొచ్చి, బయటివాళ్లకు వినబడకుండా తలుపు జాగ్రత్తగా మూసింది.

"మళ్లీ ఏదైనా తప్పు దొరికిందా అండీ?" అంది ట్యామ్సిన్.

ఆవిడ కళ్లు స్కోన్ల పళ్లెం మీదే ఉన్నాయి. చెవుల దాకా ఎర్రబడి, గొంతు బాగా తగ్గించి అంది:

"ఇలా ఎక్కడా ఒక్క తప్పైనా లేకుండా కూర్చుంటే, మేం ఏ వంక పెట్టుకుని లోపలికి రావాలి తల్లీ?"