వేప తలుపు ఆరేదాకా

వల్లూరులో జయరామప్ప ఇంటి పెరట్లోని స్నానాలగది తలుపు బిగుసుకుపోయింది. కొత్త తలుపు. ఎలా ఉందో చూసిపోదామని ఉదయం ఏడింటికి వచ్చిన వడ్రంగి చిక్కన్న, పది దాటినా దాని దగ్గర నుంచి కదల్లేదు.

భుజం ఆనించాడు. పిడి పట్టుకుని గుంజాడు. తిట్టాడు, బతిమాలాడు కూడా. తలుపు వినలేదు.

"గొడ్డలి తెస్తానుండు," అన్నాడు జయరామప్ప.

చిక్కన్న రెండు అరచేతులూ తలుపుకు ఆనించాడు.

"నా తలుపు మీద గొడ్డలా! వద్దప్పా! రెండు దినాలుగా తుంపర పడుతుండాది గదా, చెక్క నీళ్ళు తాగి ఉబ్బింది. ఎండ రానీ, అదే కుదించుకుంటాది."

ఈ తలుపంటే అతనికి పంతం. పోయినేడు కొల్లప్ప ఇంటికి పచ్చి వేపచెక్కతో తలుపు చేశాడు. ఎండాకాలం వచ్చేసరికి చెక్క ఆరిపోయి పలకల మధ్య సందులు పడ్డాయి. కొల్లప్ప కోడి ఆ సందుల్లోంచి దర్జాగా లోపలికీ బయటికీ తిరిగింది. ఊరంతా నవ్వింది. అందుకే ఈసారి, ఎటూ తగ్గుతుంది కదా అని, వెంట్రుక దూరనంత బిగువుగా చేశాడు. ఆ తెలివే ఇప్పుడు మెడకు చుట్టుకుంది.

"టేకుతో చేసింటే ఈ బాధ ఉండేది కాదు," అంది జయరామప్ప భార్య మారక్క.

"టేకు మర్యాదగల చెక్క మారక్కా. ఆరినా రవ్వంతే తగ్గుతాది. వేప ఇంకొంచెం తగ్గుతాది. నీలగిరి అయితే తగ్గేది చాలక వంకర కూడా తిరుగుతాది. ఏ చెక్కయినా తగ్గేది అడ్డానికే, పొడుగు అట్లే ఉంటాది. ఈ పొద్దు ఇది అడ్డానికి గోరంత తగ్గితే చాలు తల్లీ!"

"పాఠం బాగుండాది. కాఫీ తాగుతావా?"

"తలుపు తెరుచుకున్నాకే తాగేది."

పనిమీద ఇంత నిష్ఠ ఈ రోజుల్లో ఎవరికుంది!

పదిన్నరకు చిక్కన్న ఫోన్ మోగింది. సోలార్ పార్కు సూపర్‌వైజర్ యోగానంద. ప్యానెళ్ళు కడిగే ఆడవాళ్ళ కోసం కట్టిన గదులకు ఇరవై తలుపులు కావాలి. ఆ పని దొరికితే చిక్కన్నకు ఏడాదంతా దిగులుండదు.

"పన్నెండుకు జయరామప్ప ఇంట్లో నీ తలుపు చూసేకి వస్తా చిక్కన్నా. ఆడే ఉంటావు గదా?"

"యాడికీ పోను సార్," అన్నాడు చిక్కన్న, ఒట్టేసినట్టు.

ఫోన్ పెట్టేసి, బోర్లించిన బకెట్ మీద కూలబడ్డాడు. గొడ్డలి పడితే పోయేది ఒక్క తలుపు కాదు, ఇరవై ఒకటి.

అంతలో మారక్కకు ఒక ఉపాయం తట్టింది. కూతురు జుట్టు ఆరబెట్టుకునే మిషన్ తెచ్చి తలుపుకేసి పట్టింది.

"అంచులకు పట్టు మారక్కా, నడుమ వద్దు!"

తలుపు కిర్రుమంది. చిక్కన్న ఆశగా లేచాడు. కరెంటు పోయింది.

"ఊరి చుట్టూ కరెంటు పండిస్తుండాము, మనింట్లో చూడు!" అని జయరామప్ప మండిపడ్డాడు. "ఇంక గొడ్డలే."

"ఎండను అమ్ముకొనే ఊరప్పా ఇది! ఒక్క తలుపు ఆరేంత ఎండ రాదా? ఇంకొంచేపు ఆగు, నీ కాళ్ళు పట్టుకుంటా!"

పదకొండున్నరకు మబ్బు విడిచింది. ఎండ తిన్నగా తలుపు మీద పడింది. చిక్కన్న రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు. పై అంచున దారమంత వెలుగు గీత కనిపించింది.

"తగ్గుతుండాది! తగ్గుతుండాది!" అని కేకేశాడు.

సరిగ్గా అప్పుడే వాకిట్లో బైకు ఆగింది. యోగానంద అరగంట ముందే వచ్చేశాడు. చిక్కన్న గబుక్కున రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

యోగానంద పెరట్లోకి వచ్చి తలుపును వేలితో కొట్టి చూశాడు. అంచులు తడిమాడు. మొహం విప్పారింది.

"అబ్బా, ఏం బిగువప్పా! గాలి కూడా దూరేటట్టు లేదే. ఇట్లాంటివే ఇరవై కావాల నాకు. ఇంతకీ చిక్కన్న యాడ?"

మారక్క తలుపు మీద రెండుసార్లు తట్టి, "చిక్కన్నా, సారొచ్చినాడు, లోపల్నుంచే నమస్కారం పెట్టు," అంది.