మిగిలిపోయిన తూటా

"ఆ ముసలాయన మళ్ళీ వచ్చాడు సార్జెంటూ!" అన్నాడు గస్, కిటికీలోంచి చూస్తూ.

లెస్టర్ పావ్లిక్ తలెత్తాడు. సగం జీవితం సైన్యంలో గడిపి, రిటైరయ్యాక ఈ పెన్సిల్వేనియా కొండల మధ్య తుపాకుల క్లబ్బుకు పెద్దదిక్కయిన మనిషి. సభ్యులంతా తనలాంటి మాజీ సైనికులో, గస్ లాంటి మాజీ పోలీసులో.

వచ్చినాయన పేరు వెండెల్. ఎక్కడో పోలీసుగా చేశాడట. ఈ చలికాలమంతా, బయటివాళ్ళనీ కాల్చుకోనిచ్చే శనివారాలు వస్తున్నాడు. ఓ మూల ఒంటరిగా నిలబడి కాల్చుకుంటాడు. ట్రక్కులో ఒక్కడే కూర్చుని సాండ్‌విచ్ తింటాడు. లోపల పొయ్యి చుట్టూ చేరి వీళ్ళు నవ్వుకుంటుంటే కిటికీ వైపు చూస్తాడు.

ఒకటి రెండుసార్లు పిలుద్దామనుకున్నాడు లెస్టర్. కానీ పద్ధతి పద్ధతే. క్లబ్బులో చేరే పరీక్ష నెగ్గనివాడికి ఆ పొయ్యి దగ్గర కుర్చీ లేదు.

ఈసారి వెండెల్ తిన్నగా అతని దగ్గరికే వచ్చాడు.

"నేనూ మీ క్లబ్బులో చేరదామనుకుంటున్నానండీ."

"చలికాలం అయిపోవస్తుంటే పుట్టిందా బుద్ధి?"

"ఇంట్లో మాట్లాడే మనిషి లేడు. టీవీకేమో నా మాట వినపడదు."

గస్ పకపకా నవ్వాడు. లెస్టర్‌కీ నవ్వొచ్చింది. మనిషి నచ్చాడు.

పరీక్ష అంటే ఆషామాషీ కాదు. కొండెక్కి పరుగున దిగాలి. గుండె దడదడలాడుతుండగానే తుపాకి అందుకోవాలి. గురికి నిలబెట్టిన అట్టమనుషులు గిర్రున ఇటు తిరిగి, రెప్పపాటులో అటు తిరిగిపోతారు. ఆ కాస్తలోనే గురి తప్పకుండా కొట్టాలి. వెనక నిలబడ్డ సభ్యులు చెవులు చిల్లులు పడేలా గోల చెయ్యాలి. అది వాళ్ళ ధర్మం.

"ఏం తాతా, కళ్ళజోడు ట్రక్కులో మర్చిపోయావా?"

"ఒరే గస్, అంబులెన్సుకి ఫోన్ చెయ్యరా! తాతకి ఆయాసం!"

ఒకడైతే చెత్తడబ్బా మూత తెచ్చి గరిటెతో వాయించాడు.

వెండెల్ రొప్పుతూనే కాల్చాడు. మొదటి బొమ్మకి సరిగ్గా గుండెల మీద తగిలింది. తర్వాతి దానికీ అక్కడే. ఆ తర్వాత దానికీ అక్కడే.

గోల దానంతటదే సద్దుమణిగింది. ఇంత కచ్చితమైన గురి చూసి లెస్టర్‌కి చాలా ఏళ్ళయింది. ఇలాంటివాణ్ణి ఇన్నాళ్ళూ చలిలో కూర్చోబెట్టామే అని మనసు చివుక్కుమంది.

ఆఖరి అట్టమనిషి తిరిగాడు. ఎవరో కుర్రాడి బొమ్మ. ఒక చెయ్యి కోటు జేబులో ఉంది.

వెండెల్ గురి చూశాడు. వేలు కదల్లేదు. బొమ్మ తిరిగిపోయింది.

"కాల్చవేం?" లెస్టర్ గద్దించాడు.

"చేతిలో ఏముందో కనపళ్ళేదండీ."

"కనపడేదాకా ఆగితే నువ్వుండవు!"

"ఉండకపోవచ్చు."

"నీ పక్కనున్నవాడూ ఉండడు" అన్నాడు గస్. ఈసారి నవ్వలేదు.

"మా వాళ్ళూ అదే అన్నారు. నాతో డ్యూటీకి రామన్నారు. అందుకే ఉద్యోగం మానేశాను."

జేబులో చెయ్యి ఉంటే కాల్చాల్సిందేనన్న నియమం లెస్టర్ పెట్టిందే. ఒకప్పుడు ఎడారి యుద్ధంలో క్షణం ఆలోచించినందుకు పక్కనున్న స్నేహితుణ్ణి పోగొట్టుకున్నాడతను. అయినా ఈ మనిషిని వదులుకోబుద్ధి కాలేదు.

"బొమ్మని ఇంకోసారి తిప్పిస్తాను. కళ్ళు మూసుకుని కాల్చెయ్. అట్టముక్కేగా! కుర్చీ నీదే."

వెండెల్ కిటికీ వైపు చూశాడు. లోపల పొయ్యి ఎర్రగా మండుతోంది.

"వద్దండీ. మళ్ళీ అలాగే చేస్తాను."

"అయితే నీకిక్కడ చోటు లేదు." ఆ మాట అంటుంటే లెస్టర్‌కి నోరు చేదయింది.

వెండెల్ తుపాకిలో మిగిలిన తూటా తీసి జేబులో వేసుకున్నాడు. ట్రక్కు తలుపు తీసి ఆగాడు.

"మీ అబ్బాయి ఎలా ఉన్నాడండీ?"

"నోలనా? బాగానే ఉన్నాడు. యుద్ధం నుంచి వచ్చాక కొన్నాళ్ళు మనిషి మనిషిలా లేడు. మాకు చెప్పకుండా ఏ ఊళ్ళు తిరిగాడో వాడికే తెలియాలి. ఇప్పుడు పెళ్ళాం, ఇద్దరు కూతుళ్ళు. ఇవాళ వస్తున్నాడు కూడా."

"ఇద్దరు కూతుళ్ళే!" వెండెల్ ముఖం చేటంతయింది. "మంచిదండీ. చాలా మంచిది."

ట్రక్కు గేటు వైపు కదిలింది.

లెస్టర్ పొయ్యి దగ్గరికొచ్చి కూలబడ్డాడు. చేతులు వెచ్చబడ్డాక గానీ ఆ అనుమానం రాలేదు. తనకో కొడుకున్నాడని ఈయనకెవరు చెప్పారు?

అంతలో తలుపు తోసుకుని నోలన్ వచ్చాడు. ఒగరుస్తున్నాడు.

"నాన్నా, గేటు దగ్గర నాకెదురైన ట్రక్కు... అందులో ఆయన ఇక్కడికెందుకొచ్చాడు?"

"వెండెలా? క్లబ్బులో చేరతానన్నాడు. నేనే పొమ్మన్నాను. ఏం?"

"నన్ను చూసి చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. కారు తిప్పుకుని వెంటపడ్డాను. పెద్ద రోడ్డెక్కేసరికి ఎక్కడా లేడు. ఇల్లెక్కడ నాన్నా?"

లెస్టర్ గస్ వైపు చూశాడు. గస్ తల అడ్డంగా ఊపాడు. చలికాలమంతా చూశారు గానీ, ఏ ఊరయ్యా నీదని ఒక్కరూ అడగలేదు.

"వెండెల్..." నోలన్ ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు. "ఇన్నేళ్ళకి పేరు తెలిసింది."

"ఎవర్రా ఆయన?"

నోలన్ కుర్చీ తండ్రి దగ్గరికి జరుపుకున్నాడు.

"నీకెప్పుడూ చెప్పలేదు నాన్నా... బతకాలని లేక, ఖాళీ జేబులో చెయ్యి పెట్టుకుని, కాల్చండంటూ నేను పోలీసుల మీదికి నడిచిన రోజున, కాల్చకుండా అడ్డం నిలబడి, మీ నాన్న ఎవరు, ఏం చేస్తాడు అని అడుగుతూ నన్ను మాటల్లో పెట్టినవాడు ఆయనే."