వేపరెమ్మ

"ఏవండీ, కట్టెల్లో పాముందండీ. ఒంటి మీద తెల్లటి చారలున్నాయి," అంది మరిడమ్మ వంటపాకలోంచి.

రామకోటి అల్లుతున్న వల మీద నుంచి తలెత్తలేదు. "కొల్లేరు పొంగింది కదా, నీరుకట్టు వచ్చుంటుంది. దానికి విషం లేదులే. తోక పట్టుకుని అవతల పారెయ్యి."

భర్త మాట నమ్మి ఆమె చెయ్యి పెట్టింది. పాము కాటేసింది. చంపి చూస్తే కట్లపాము.

వైద్యుడి కోసం పడవ వెళ్లింది. విషం ఎక్కినవాళ్లకి వేపాకు చేదు తెలియదంటారు. రామకోటి రెమ్మ తుంచి తెచ్చి అందించాడు.

"ఎలా ఉందే?"

"చేదుగానే ఉందండీ. మీరు బెంగ పెట్టుకోకండి."

అతను ఊపిరి పీల్చుకున్నాడు.

ఉగాది పచ్చడిలో వేపపువ్వు తగిలితేనే ముఖం చిట్లించే మనిషి, అతని కళ్లముందే రెమ్మలోని ఆకులన్నీ తాపీగా నమిలి మింగింది.