తిరుత్తణి తీర్పు

"ఈ ఇంట్లోకి ఎర్ర కంపెనీ కార్డు వచ్చే పనే లేదు. చెప్పేసినా!" అన్నాడు జయరామ, మగ్గం మీది నుంచి తల ఎత్తకుండానే.

"నాయనా, మన పచ్చ కంపెనీ గ్రాఫిక్స్ కార్డు కాలిపోయింది. కంప్యూటర్ వేస్తే గీతలు తప్ప బొమ్మ రాలేదు. పెళ్ళి వీడియోలు యాడ పెట్టి ఎడిట్ చేసేది?" అంది కూతురు మోక్షిత.

"పచ్చ కంపెనీలోనే కొత్త కార్డు వస్తాదంట. యూట్యూబులో చూసినా. అదొచ్చేదాకా ఓర్చుకో."

"ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమంట! అదొచ్చేదాకా పెళ్ళిళ్ళు కాసుకోనుంటాయా? ఎల్లుండికి మిషన్ సరిచేసుకోకపోతే పనంతా వేరేవాళ్ళకిచ్చేస్తానని తిరుత్తణి స్టూడియో మురళీధరన్ ఖండితంగా చెప్పేసినాడు."

ఆ మాట నిజమే. ఆవణి నెల పెళ్ళి ముహూర్తాలు తలుపు తడుతున్నాయి. ఈ సీజను చేజారితే ఆ స్టూడియోవాళ్ళు మోక్షితను మళ్ళీ పిలవరు. తిరువళ్ళూరు అంగడిలో ఎర్ర కంపెనీ కార్డు ఒకటి ఉంది. మంచి కార్డు, నప్పే ధర. ఎటొచ్చీ డబ్బు నాయన చేతిలో ఉంది.

"మీ దండపాణి మామ ఎర్ర కంపెనీది కొన్న దినం పదిమందిలో ఏమన్నా నేను? పచ్చను విడిచిపెట్టేవాడు మనిషే కాదన్నా. ఇప్పుడు నేనే మాట మారిస్తే మన అత్తిమంజేరిపేటంతా టముకేస్తాడు."

"అయితే నా పని పోయినా పరవాలేదా?"

జయరామ మగ్గంలో అటూ ఇటూ ఆడుతున్న నాడెను ఆపాడు.

"నా నోటితో మాత్రం సరే అనను. తిరుత్తణి సామిని అడుగుదాం. పూలు పెట్టి చూద్దాం. ఎర్ర పువ్వొస్తే ఎర్ర కంపెనీ. తెల్ల పువ్వొస్తే కొత్త కార్డు వచ్చేదాకా నోరు మూసుకోనుండాల. సామి మాటకు తిరుగులేదు."

అంటే రెండు పొట్లాలు. ఒకదాంట్లో ఎర్ర పువ్వు, ఇంకోదాంట్లో తెల్ల పువ్వు. సామి ఎదుట పెట్టి ఓ చంటిబిడ్డ చేత ఒకటి తీయించాలి. ఏది వస్తే అదే తీర్పు.

మర్నాడు పొద్దున్నే జయరామ పెరట్లో గన్నేరు చెట్ల దగ్గర అటు తిరిగి కూర్చుని పొట్లాలు కట్టాడు. మోక్షిత దగ్గరికి రాగానే గబుక్కున తువ్వాలు కప్పేశాడు.

"నువ్వు చూడగూడదు. పో అవతలికి!"

మోక్షితకు విషయం అర్థమైపోయింది. రెండింట్లోనూ తెల్లవే పెట్టాడు! లేకపోతే ఆ దాపరికం ఎందుకు? ఆయన నాలుగాకులు ఎక్కువ చదివితే ఆయన కూతురు ఐదు చదవదా? అదే పేపర్ చించింది, అదే నూలు పోగు తీసింది, రెండు పొట్లాల్లోనూ ఎర్ర గన్నేరే పెట్టి కట్టింది.

తిరుత్తణి కొండ మీద జయరామ కాళ్ళు కడుక్కోవడానికి పోతూ సంచి ఆమె చేతికిచ్చాడు. అంతే. నాయన పొట్లాలు ఆమె హ్యాండ్‌బ్యాగులోకి, ఆమె పొట్లాలు సంచిలోకి.

"మురుగా, తప్పయితే తర్వాత మాట్లాడుకుందాం. ముందు కార్డు" అనుకుని కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంది.

ధ్వజస్తంభం ముందు జయరామ పొట్లాలు పెట్టాడు. పక్కన నిలబడిన ఒకామె తన చంకలోని పాపను దించింది. పాప ఒక పొట్లం తీసుకుని నేరుగా నోట్లో పెట్టుకోబోయింది. జయరామ మెల్లగా లాక్కుని విప్పాడు.

ఎర్ర గన్నేరు.

"అయ్యో నాయనా, ఎర్రదే వచ్చేసిందే!" అంది మోక్షిత, ఎక్కడలేని ఆశ్చర్యం తెచ్చుకుని. ఓరకంట నాయన ముఖం చూసింది. ఆ ముఖంలో ఏమీ లేదు. ఉన్నా పైకి ఎట్లా చెబుతాడు? తెల్లపువ్వు ఏమైందని అడుగుతాడా? తేలు కుట్టిన దొంగలా ఉండాల్సిందే!

జయరామ చెంపలేసుకున్నాడు. "సామే చెప్పినాక మనమెంత!"

ఇక రెండో పొట్లం. అది విప్పాడంటే మోక్షిత బండారం బయటపడుతుంది. ఆమె నోరు తెరిచేలోపే జయరామ దాన్ని తీసి పక్కనున్న పూలగంపలో పడేశాడు.

"రెండోది విప్పగూడదు. అపచారం!"

"అవునవును, అపచారమే!" అంది మోక్షిత. అమ్మయ్య, గండం గడిచింది.

తిరువళ్ళూరు పోయే రైల్లో మోక్షిత కిటికీ పక్కన కూర్చుంది. జయరామ ఫోనులో పెట్టె దద్దరిల్లేలా మాట్లాడుతున్నాడు.

"నేనా దండపాణీ, మాట మార్చింది? నేను మార్చే మనిషినేనా? మురుగడే మార్చమన్నాడు! ఎర్ర కంపెనీదే కొంటాండాం. కావాలంటే కొండెక్కి ఆయన్నే అడుక్కో, పో!"

నవ్వాపుకుంటూ మోక్షిత హ్యాండ్‌బ్యాగు తెరిచింది. నాయన తెల్లపూలను కిటికీలోంచి పారేస్తే సాక్ష్యం కూడా ఉండదు. ఒక పొట్లం విప్పింది.

ఎర్ర గన్నేరు.

గబగబా రెండోది విప్పింది.

అదీ ఎర్ర గన్నేరే.